ఐదోసారి స్వాధీనం

ప్రభుత్వం మారినప్పుడల్లా ప్లాసిడో కుర్బేలో గడ్డి పీకేవాడు.

కోపంతో కాదు. శాస్త్రోక్తంగా, తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, సాక్షులను వెంటబెట్టుకుని మరీ పీకేవాడు. సాన్ ఆంటోనియో ఊళ్ళో ఏటికి అవతల, పాత మఠం కాలవ కింద అతనికొక చేను ఉంది. కాలవ గట్టు నుంచి ఏటి ఒడ్డు దాకా ఆరబెట్టిన నడికట్టులా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మొక్కజొన్న, చిక్కుడు, మిరప వేసేవాడు. పది రోజులకోసారి తెల్లారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా నీటి వంతు. ప్లాసిడోకి లోకంలో ఉన్నది ఇంతే. ఇంతకు మించి కావాలని అతను అనుకున్నట్టు దాఖలా లేదు.

ఆ చేను అతని తండ్రికి 1793లో వచ్చింది. మఠం మూతపడి, స్పెయిన్ రాజుగారు మఠం భూములను ఊరివాళ్ళకు పంచిన సంవత్సరమది. ప్లాసిడోకి అప్పుడు ఆరేళ్ళు. ఊరిపెద్ద వెండిపొన్ను కర్ర పట్టుకుని వచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుని, చేనుకు నాలుగు హద్దులా నడిపించాడు. తండ్రి వంగి గుప్పెడు గడ్డి పీకి గాల్లోకి విసిరాడు. నాలుగు దిక్కులకూ నాలుగు రాళ్ళు రువ్వాడు. కాలవలోంచి దోసెడు నీళ్ళు తెచ్చి మట్టి మీద చల్లాడు. "రాజుగారు వర్ధిల్లాలి!" అని అందరూ మూడుసార్లు అరిచారు. దాంతో భూమి అతనిదైపోయింది. మా వైపు భూమి స్వాధీనం చేసుకోవడమంటే అదే పద్ధతి. సముద్రానికి అవతలున్న రాజుగారు ఇదంతా చూడలేదన్న సంగతి ఎవరికీ లోపంగా తోచలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని రాజుగారు పోయారు. 1822లో, స్పెయిన్ నుంచి విడిపోయిన మెక్సికోకీ, అందులో భాగమైన మాకూ ఒక చక్రవర్తి వచ్చాడు. అప్పటికి తండ్రి కాలం చేశాడు. రాజుగారి పేర పుచ్చుకున్న భూమిని చక్రవర్తికి తెలియజెయ్యకుండా దున్నుకోవడం ప్లాసిడోకి దొంగతనంలా అనిపించింది. ఊరిపెద్దను బతిమాలి తీసుకొచ్చి మళ్ళీ గడ్డి పీకాడు. రెండేళ్ళు తిరిగేసరికి చక్రవర్తిని కాల్చి చంపి రిపబ్లిక్ పెట్టారు. మళ్ళీ పీకాడు. 1836లో మఠంలో పదమూడు రోజులు యుద్ధం జరిగి, ఆ తర్వాత మా టెక్సస్ వేరే దేశమైపోయింది. ఆ యుద్ధం గురించి అమెరికావాళ్ళు గంటలకొద్దీ చెబుతారు. ప్లాసిడోని అడిగితే, "తూము పగిలింది" అని ఊరుకునేవాడు. తూము బాగుచేసుకుని, నాలుగోసారి గడ్డి పీకాడు. ఈసారి ఊరిపెద్ద అనే పదవే లేదు. కొత్తగా వచ్చిన అమెరికా జడ్జీకి సంగతేమిటో అర్థం కాక, ఒంట్లో బాగులేదనుకుని నీళ్ళు తాగించి పంపాడు. అందుకని ఒక్క సాక్షితోనే కానిచ్చాడు.

ఆ సాక్షి సిరిలో అరోచా. ప్లాసిడో కొడుకు పుట్టి నెల తిరక్కుండా పోయాడు గాని, ఆ నెలలోనే బాప్తిస్మం జరిగింది. ఆ వేళ బిడ్డను చేతుల్లో పట్టుకున్నది సిరిలో. అప్పటి నుంచి ఒకరినొకరు 'కంపాద్రే' అని పిలుచుకుంటారు. మాలో అన్నదమ్ముల కంటే దగ్గర చుట్టరికం అది. సిరిలో చేను కాలవ మీద ప్లాసిడో చేనుకు సరిగ్గా దిగువన. ఐదేళ్ళ పిల్లాడిగా 1793 నాటి తంతు చూసినవాడు. ఆ తర్వాతి మూడూ చూసినవాడు. చూసినది చూసినట్టు చెప్పడంలో పక్కా మనిషి.

1845 వేసవిలో ఓ మధ్యాహ్నం సిరిలో గుడి మెట్ల నీడన కూర్చుని ఉన్నాడు.

"కంపాద్రే, మనం ఇంకో దేశంలోకి వెళ్ళిపోతున్నామట," అన్నాడు.

"నేనెక్కడికీ రాను. మోకాళ్ళు నొప్పులు," అన్నాడు ప్లాసిడో.

"మనం కదలక్కర్లేదయ్యా. దేశమే వస్తుంది."

"మళ్ళీనా?"

మళ్ళీనే. టెక్సస్ రిపబ్లిక్‌ని ఉత్తరాన ఉన్న పెద్ద రిపబ్లిక్ తన కొత్త రాష్ట్రంగా కలుపుకోవడానికి సిద్ధపడింది. వాషింగ్టన్‌లో దీని మీద ఏడాదిపాటు జుట్టూ జుట్టూ పట్టుకున్నారట. కలుపుకుంటే బానిసలున్న రాష్ట్రాల బలం పెరుగుతుందని ఒక పక్షం. కలుపుకోకపోతే ఇంగ్లీషువాళ్ళు వచ్చి కూర్చుంటారని ఇంకో పక్షం. మీరు ఎవరితోనూ కలవమని మాటిస్తే మిమ్మల్ని దేశంగా ఒప్పుకుంటామని మెక్సికో కబురంపింది. ఆస్టిన్‌లో రాష్ట్రానికి రాజ్యాంగం రాయడానికి కూర్చున్న పెద్దల్లో మా భాషవాడు ఒకే ఒక్కడు. ఆయన పక్కన దుబాసీని కూర్చోబెట్టుకుని, ఓటు హక్కు దగ్గర 'తెల్లవాళ్ళకు' అన్న మాట పడకుండా అడ్డుపడుతున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఇన్ని గొప్ప విషయాల మధ్య ప్లాసిడో బుర్రలోకి వచ్చిన ప్రశ్న ఒక్కటే: చేను సంగతేమిటి?

ఆ ప్రశ్న ప్రిచెట్‌ని అడిగాడు. ప్రిచెట్ ఊళ్ళో నాలుగేళ్ళుగా ఉంటున్న అమెరికా ప్లీడరు. మా భాషను మాకంటే మర్యాదగా మాట్లాడతాడు. ఎండలో కూడా టోపీ తీసి, పేరుకు ముందు గౌరవంగా 'డాన్' చేర్చి పలకరిస్తాడు.

"ఎవరి భూమి వాళ్ళకే ఉంటుంది, డాన్ ప్లాసిడో. కొత్త రాజ్యాంగంలో ఆస్తికి గట్టి రక్షణ ఉంది. కాగితం మాత్రం ఉండాలి."

కాగితం ఒకప్పుడు ఉండేది. మూడేళ్ళ కిందట మెక్సికో సైన్యం ఊరి మీద పడ్డప్పుడు, ఇంట్లో దిగిన సిపాయిలు ట్రంకుపెట్టెలో ఉన్న కాగితాలన్నీ చింపి తూటాలకు చుట్టుకున్నారు. రాజుగారి ముద్ర ఎవరి పొట్టలో దిగిందో తెలియదు. ఊరి దస్తావేజుల్లో ఉండాల్సిన నకలు ఏ సైన్యం ఏ బండిలో ఎత్తుకుపోయిందో అదీ తెలియదు.

"కాగితం లేకపోతే?" అన్నాడు ప్లాసిడో.

"అయితే ఒకటి ఉండేలా చూసుకోవాలి," అన్నాడు ప్రిచెట్.

ఆ మాట ప్లాసిడో మనసులో నాటుకుపోయింది. ఇన్నాళ్ళూ తను చేసిన పొరపాటు ఏమిటో ఇప్పుడు తెలిసినట్టయింది. గడ్డి పీకాడు, బాగానే ఉంది. రాయించలేదు! ఈసారి అమెరికా ప్లీడరు ఎదురుగా పీకాలి. వాళ్ళ భాషలో రాయించాలి. వాళ్ళ ముద్ర వేయించాలి. కొత్త దేశం గడప తొక్కకముందే దాని చేతిలో కాగితం పెట్టెయ్యాలి.

భార్య రెఫూహియాతో చెబితే ఆమె రొట్టెల పిండి నూరడం ఆపి మొగుడి మొహంలోకి చూసింది.

"ముప్పై రెండేళ్ళ బట్టి నాతో కాపురం చేస్తున్నావు," అంది. "రేపు పొద్దున నన్ను ఫాదిరీ ముందుకు తీసుకెళ్ళి, కొత్తగా పెళ్ళి చెయ్యమని అడిగావనుకో. ఈ ముప్పై రెండేళ్ళూ నేను నీకేమైనట్టయ్యా?"

"నువ్వు చేను కాదు కదే."

"కాను కాబట్టే నోరుంది, అడుగుతున్నాను."

"గవర్నమెంటు సంగతులు నీకు తెలీవు."

"నాకెందుకు తెలీదు? ఇప్పటికి నాలుగు గవర్నమెంట్లకు రొట్టెలు చేసి పెట్టాను. ఏ ఒక్కటీ చేను చూడ్డానికి రాలేదు."

అక్టోబరు పదమూడు, సోమవారం నాడు ఓటింగు. ఓటంటే రహస్యం ఏమీ లేదు. కోర్టు గదిలో బల్ల ముందు నిలబడి నోటితో గట్టిగా చెప్పాలి. చెప్పింది గుమాస్తా రాసుకుంటాడు. గోడవారగా నడుములకు పిస్తోళ్ళు పెట్టుకున్న పెద్దమనుషులు బారుగా నిలబడి శ్రద్ధగా వింటారు. వినడం తప్ప వాళ్ళు ఏమీ చెయ్యలేదని న్యాయంగా ఒప్పుకోవాలి.

"విలీనమా, కాదా?" అన్నాడు గుమాస్తా.

"విలీనమే," అన్నాడు ప్లాసిడో. గోడవారగా ఒకతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ప్లాసిడో మళ్ళీ, ఈసారి ఊరంతా వినబడేలా చెప్పాడు.

వెనకే వచ్చిన సిరిలోని గుమాస్తా అదే అడిగాడు.

"వాళ్ళేమంటున్నారు?" అని గోడ వైపు గడ్డంతో చూపించాడు సిరిలో.

"వాళ్ళ సంగతి నీకెందుకు? నీ ఇష్టం చెప్పు."

"నాదీ అదే ఇష్టం," అన్నాడు సిరిలో.

మర్నాడు పొద్దున్నే చేలో తంతు. ప్రిచెట్ ఒక మడత బల్లా, సిరాబుడ్డీ పట్టించుకుని వచ్చాడు. ప్రతిఫలంగా రెండు పెట్టలు ఒప్పుకున్నారు. గట్టు మీద బల్ల వేసుకుని, టోపీ తీసి గడ్డిలో పెట్టి, గుళ్ళో కూర్చున్నంత భక్తిగా కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుని నడిపించడానికి ఊరిపెద్ద లేడు కాబట్టి సిరిలో పట్టుకున్నాడు. ఇద్దరి మోకాళ్ళకూ నొప్పులే. నాలుగు హద్దులు తిరిగేసరికి మంచు ఆరిపోయింది.

ప్లాసిడో వంగి గడ్డి పీకాడు. విసిరాడు. నాలుగు రాళ్ళు రువ్వాడు. అందులో ఒకటి ప్రిచెట్ గుర్రానికి తగిలింది. దోసెడు నీళ్ళు చల్లాడు. ఇక ఎవరికి జై కొట్టాలన్న దగ్గర చిక్కొచ్చిపడింది.

"ఇప్పుడెవరు వర్ధిల్లాలి దొరా?" అన్నాడు.

ప్రిచెట్ ఆలోచించాడు. "ప్రెసిడెంటు. కాని మా ప్రెసిడెంటు నాలుగేళ్ళకోసారి మారతాడు."

"బాబోయ్," అన్నాడు సిరిలో. "నాలుగేళ్ళకోసారి పీకాలా?"

చివరికి 'రాష్ట్రం వర్ధిల్లాలి' అని సర్దుకున్నారు. ప్రిచెట్ రాసింది చదివి వినిపించాడు. "పద్ధెనిమిది వందల నలభై అయిదు, అక్టోబరు పద్నాలుగో తేదీన ప్లాసిడో కుర్బేలో అను నతడు నా ఎదుట ఈ దిగువ హద్దులు గల భూమిలో ప్రవేశించి, గడ్డి పెరికి, రాళ్ళు విసిరి, నీరు చల్లి, దీనిని స్వాధీనము చేసుకొనుచున్నానని ప్రకటించెను." ప్రతి అక్షరం నిజం. ప్లాసిడోకి కళ్ళు చెమర్చాయి. ఐదుసార్లలో ఇంత అందంగా ఎప్పుడూ జరగలేదు. అడుగున సిలువ గుర్తు పెట్టాడు. సాక్షిగా సిరిలో పెట్టాడు. కాగితం కోర్టులో దాఖలు చేస్తానని ప్రిచెట్ కోటు లోపల భద్రంగా పెట్టుకుని, పెట్టలను జీనుకు కట్టుకుని వెళ్ళిపోయాడు.

దాఖలు చేశాడు కూడా. మాట తప్పాడని అనడానికి లేదు.

ఆ చలికాలం టెక్సస్ రాష్ట్రమైంది. మరుసటి సంవత్సరం చేను మీద దావా పడింది. గాల్వెస్టన్‌లో ఉండే తోర్న్‌లీ అనే ఆయన దగ్గర ఒక భూమి చీటీ ఉంది. రిపబ్లిక్ తన సైనికుడెవరికో ఇచ్చింది, ఆ సైనికుడు ఈయనకు అమ్మేశాడు. ఆ చీటీ కింద 1841లో ఒక సర్వేయరు వచ్చి, ఈ చేను కొలిచి, 'ఖాళీ భూమి' అని రాసుకుపోయాడు. ఆ సర్వేయరు ప్లాసిడోకి బాగా గుర్తే. రోడ్డు వేస్తారు కాబోలనుకుని, కాల్చిన పొత్తులు నాలుగు చేతిలో పెట్టాడు. ఆ ఖాళీ భూమిలో పండినవే.

తోర్న్‌లీ తరఫు ప్లీడరు ప్రిచెట్. కోర్టులో ప్లాసిడోని చూడగానే టోపీ తీశాడు.

ముందు సిరిలోని నిలబెట్టారు. బైబిలు మీద చెయ్యి వేయించారు.

"ఈయన ఈ భూమిని స్వాధీనం చేసుకోవడం నువ్వు చూశావా?" అన్నాడు ప్రిచెట్.

"చూశాను."

"ఎప్పుడు?"

చూసింది చూసినట్టు చెప్పే మనిషి కదా. "ఏసారి?" అన్నాడు సిరిలో.

కోర్టంతా గొల్లుమంది. జడ్జీ కూడా మీసం కింద నవ్వుకుని, "ఎన్నిసార్లు జరిగిందేమిటి?" అన్నాడు.

"మొత్తం ఐదు. వాళ్ళ నాన్నతో మొదలెడితే." సిరిలో వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. రాజుగారిది, చక్రవర్తిది, రిపబ్లిక్‌ది, ఇంకో రిపబ్లిక్‌ది, మొన్నటిది. మొదటి నాలుగింటికీ కాగితం ఉందా అని అడిగితే లేదన్నాడు. మొన్నటిదానికి ఉందా అంటే ఉందన్నాడు. సిలువ గుర్తు నీదేనా అంటే నాదేనన్నాడు. ప్రతి జవాబూ నిజమే. దిగి వచ్చి ప్లాసిడో పక్కన కూర్చున్నాడు. తను ఏం చేశాడో అప్పటికి అర్థమైంది.

తర్వాత ప్లాసిడో. ప్రిచెట్ కాగితం ఎత్తి చూపించాడు.

"డాన్ ప్లాసిడో, ఈ భూమి ముందు నుంచీ మీదే అయితే, అక్టోబరు పద్నాలుగున మళ్ళీ ఎందుకు స్వాధీనం చేసుకున్నారు?"

ప్లాసిడో లేచి నిలబడ్డాడు. చాలాసేపు మాట్లాడాడు. భూమి ఎప్పుడూ తనదేననీ, కాని రాజు మారినప్పుడు ఆ సంగతి రాజుకు చెప్పడం ప్రజ మర్యాద అనీ, ఇంటికి కొత్త కోడలు వస్తే నగలు చూపిస్తాం కాని ఆ నగలు ఆవేళ కొన్నవని అర్థం కాదనీ, రాష్ట్రం పసిది, దానికి ఊళ్ళో ఎవరిది ఏదో తెలియదు కాబట్టి పెద్దవాడిగా తనే చెప్పాడనీ అన్నాడు. అంత బాగా అతను జన్మలో మాట్లాడలేదు. దుబాసీ శ్రద్ధగా విని జడ్జీ వైపు తిరిగి చెప్పాడు: "అది అతని అలవాటట."

తీర్పు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. 1841 నాటి సర్వే ముందు. 1845 నాటి స్వాధీనం వెనక. ఆ లెక్క ఏ పిల్లాడైనా చేస్తాడు.

బయట వరండాలో ప్రిచెట్ ఎదురొచ్చాడు. దాటిపోతే బాగుండేది కాని ఆగి పలకరించాడు.

"మీరు మా చేలోనే కూర్చుని రాశారు కదా దొరా," అన్నాడు ప్లాసిడో. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "మా నాన్న సంగతి కూడా ఒక ముక్క రాయలేకపోయారా?"

"చూసింది రాశాను. చూడనిది ఎలా రాస్తాను, డాన్ ప్లాసిడో?" అన్నాడు ప్రిచెట్. చాలా మర్యాదగానే అన్నాడు.

రెఫూహియా మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ప్లాసిడోకి భరించలేనిదైంది. "ఏదో ఒకటి అనవే" అని రెండుసార్లు అడిగాడు. ఆమె ఊళ్ళో సంత దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే బుట్టలో, మొక్కజొన్న పిండిని పొత్తు రేకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు పెట్టుకుని అమ్ముకు రావడం మొదలుపెట్టింది. ప్లాసిడో ఏటి నుంచి ఇళ్ళకు పీపాలతో నీళ్ళు మోశాడు. సిరిలో మాత్రం ఎదురుపడితే వీధి మారేవాడు. కంపాద్రే అని పిలిచే మొహం లేక.

ఫిబ్రవరి వచ్చింది. ఫిబ్రవరిలో మాకు కాలవ పూడిక తీత. నీటి వంతు ఉన్న ప్రతి ఆసామీ పార పుచ్చుకుని వచ్చి, తన చేను వెంబడి ఉన్న కాలవ తనే బాగుచేసుకోవాలి. కాలవ పెద్ద లెయాండ్రో గట్టు మీద నిలబడి పేర్లు చదువుతాడు. పలికినవాడు దిగుతాడు. ఎవరి ముక్కైనా పూడిపోయి ఉంటే, దానికి దిగువన ఉన్న అందరికీ ఆ ఏడు నీళ్ళు లేనట్టే.

ప్లాసిడో ఎందుకు వెళ్ళాడో అతనికే తెలియదు. యాభై ఏళ్ళుగా వెళుతున్నాడు, కాళ్ళు తీసుకెళ్ళాయి. పార కూడా భుజం మీదే ఉంది. లెయాండ్రో పేర్లు చదువుతున్నాడు. ఇన్నేళ్ళూ ప్లాసిడో తండ్రి పేరు, ఆ తర్వాత ప్లాసిడో పేరు చదివిన చోటికి వచ్చేసరికి ఒక్క క్షణం తడబడి, "తోర్న్‌లీ!" అన్నాడు.

ఎవరూ పలకలేదు.

"తోర్న్‌లీ!"

దిగువ గట్టున సిరిలో పార మీద గడ్డం ఆనించి నేల చూస్తున్నాడు. తోర్న్‌లీ పలక్కపోతే అతని మొక్కజొన్న మొలకెత్తదు. అడగడానికి నోరు రాదు. ప్లాసిడో చెప్పులు విప్పి గట్టు దిగాడు.

"ఇదేమిటి డాన్ ప్లాసిడో?" అన్నాడు లెయాండ్రో. "మీ పేరు లిస్టులో లేదు. ఎవరి పేరన రాయను?"

"ఇప్పుడు ఏ పేరు చదివావో అదే రాసుకో. హాజరు."

బురద మోకాళ్ళ దాకా ఉంది. కాసేపటికి పక్కన ఇంకో పార చప్పుడైంది. తన ముక్క వదిలేసి సిరిలో వచ్చి దిగాడు. ఇద్దరూ పక్కపక్కనే బురద ఎత్తిపోశారు. మధ్యాహ్నానికి సిరిలో, "కంపాద్రే, కొంచెం పక్కకు జరుగు, బురద మీద పడుతుంది," అన్నాడు. వాళ్ళ మధ్య జరిగిన రాజీ చర్చ అంతా అదే.

ఏడేళ్ళు ప్లాసిడో ఏటా ఫిబ్రవరిలో అలాగే దిగాడు. తోర్న్‌లీ ఒక్కసారీ ఊరికి రాలేదు. చేలో తుమ్మకంప లేచింది. 1853 వేసవిలో ఆయన భూమి అమ్మకానికి పెట్టాడు. హక్కులో ఏమైనా లొసుగుందేమోనని కొనేవాడు సందేహించాడు. ఒక గుమాస్తా లెయాండ్రో దగ్గరికొచ్చి కాలవ లిస్టుకు నకలు రాసుకుపోయాడు. ఆ నకలు చూశాక సందేహం తీరిపోయింది.

సంగతి చలికాలం మొదట్లో లెయాండ్రో వచ్చి చెప్పాడు. ప్లాసిడో అప్పటికే మంచం మీద ఉన్నాడు. ఛాతీలో చలి దూరింది.

"ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదట, తోర్న్‌లీ," అన్నాడు లెయాండ్రో, తల దించుకుని. "అదే పట్టుకున్నారు."

"ఒక్కసారీ తప్పలేదా?" అన్నాడు ప్లాసిడో.

"లేదు."

"మంచి రైతే," అన్నాడు ప్లాసిడో. "అలాంటివాడి దగ్గరే ఉండాలి భూమి."

ఆ చలికాలంలోనే పోయాడు. ఊరి శ్మశానంలో చోటు విషయంలో ఎవరూ కాగితం అడగలేదు.

ఫిబ్రవరిలో లెయాండ్రో గట్టు మీద నిలబడి పేర్లు చదివాడు. ఆ ముక్క దగ్గర ఇప్పుడింకో కొత్త పేరు, పలకడానికి ఇంకా కష్టమైనది. ఎవరూ పలకలేదు. సిరిలో తన చేను దగ్గర నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. పారను ఊతకర్రలా ఆనించి, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు బురదలో పెట్టాడు.

"డాన్ సిరిలో, మీకెందుకీ వయసులో?" అన్నాడు లెయాండ్రో. "ఎవరి పేరన రాయమంటారు?"

"ఏదో చదివావు కదా," అన్నాడు సిరిలో. "మళ్ళీ చదువు. పలుకుతాను."